సర్క్యూట్ బొమ్మతో బేరం

సర్క్యూట్ బొమ్మతో బేరమాడి గెలిచినవాడు బళ్ళారి మొత్తమ్మీద నేనొక్కడినే. పదమూడు కెపాసిటర్లు పెట్టమని బొమ్మ అడిగింది. నేను రెండిచ్చాను. బొమ్మ నోరెత్తలేదు. ఒప్పుకుందనుకున్నాను.

మాది గుండీల అంగడి. జీన్స్ ప్యాంట్లు కుట్టేవాళ్ళకు ఇత్తడి గుండీలు, జిప్పులు, రివిట్లు అమ్ముతాం. అలాంటి అంగట్లో పుట్టినవాడికి కాగితం మీద రాసి ఉన్న అంకె ఏదైనా సరే, మొదట చెప్పే రేటుగానే కనిపిస్తుంది. డాక్టరు పది రోజులకు మాత్రలు రాస్తే ఆరు రోజులకు తెగ్గొట్టుకుంటాం. ఇంటర్నెట్‌లో ఎవరో పుణ్యాత్ముడు ఉచితంగా గీసి పెట్టిన కంప్యూటరు సర్క్యూట్ బొమ్మను కూడా నేను ఆ కంటితోనే చూశాను. ప్రతి చిప్ పక్కనా చింతగింజ కంటే చిన్న కెపాసిటర్ ఒకటి గీశాడు. చిప్‌కు కావలసిన కరెంటు తడబడకుండా పక్కనే నిలవ ఉండాలట. పై వరసకు ఒకటి, కింది వరసకు ఒకటి చాలవా? బంతిలో పదమూడు మంది భోజనానికి కూర్చుంటే ఒక్కొక్కరి పక్కన ఒక్కో నీళ్ళ బిందె పెడతామా?

నేను కట్టాలనుకున్నది ఎనభైల నాటి కంప్యూటరు. తెర ఉండదు, మౌసు ఉండదు. ఇరవై మీటలు, ఆరు ఎర్ర అంకెలు, అంతే. పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు ల్యాబులో ఇలాంటి కిట్లు ఉండేవి. ఐదుగురికి ఒక కిట్. మీటలు నొక్కే భాగ్యం ఎప్పుడూ ముందు కూర్చున్నవాడిది, రికార్డు పుస్తకంలో రాసే కర్మ నాది. మూడేళ్ళలో ఒక్క మీట కూడా నొక్కకుండా ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. నలభై నాలుగో ఏట ఆ కోరిక మళ్ళీ లేచింది. ఈ వయసులో కొందరికి బండి మీద మనసు పోతుంది, కొందరికి భక్తి ముదురుతుంది. నాకిది వచ్చింది.

గుజరీ అంగట్లో, అంటే పాత సామాను తూకానికి కొనేచోట, ఏదో కాలేజీ పారేసిన బోర్డులు గోతం నిండా కనిపించాయి. కిలో నాలుగు వందలన్నాడు. నేను రెండు వందల అరవైకి దించి, కొసరుగా ఇంకో బోర్డు కూడా లాక్కున్నాను. ఆ కిలోలోనే నా కంప్యూటరుకు కావలసిన మెదడు చిప్, జ్ఞాపకం చిప్ అన్నీ ఉన్నాయి. అంగడి వెనకే ఉన్న ఇంటికొచ్చి గర్వంగా నా భార్య ముందు పరిచాను.

ఆమె సిరుగుప్ప వైపు క్యాంపులో పెరిగిన మనిషి. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేశారు. కనక ఆమెకు అన్నిటికంటే ముందు దిగుబడి గుర్తొస్తుంది.

"ఇదెందుకండీ?" అంది.

"కంప్యూటరు."

"బజార్లో తయారుగా దొరకదా?"

"కిట్ నాలుగు వేలు. నేను రెండున్నర వేలల్లో కడతా."

ఆమె కాసేపు ఆ చిప్‌లను చూసింది. తర్వాత గోదాము వైపు చూసింది. అక్కడ పోయినసారి నేను ముంబైలో సగం ధరకు దించి తెచ్చిన రాగిరంగు గుండీలు నలభై కిలోలు కదలకుండా కూర్చుని ఉన్నాయి. నేను కొన్న నెలకే ఊళ్ళో అందరూ నల్ల గుండీలకు మారారు.

"మీకు బేరమాడటం వచ్చండీ," అంది. "కొనడం రాదు."

గల్లా దగ్గర కూర్చున్న మా నాయనకు ఈ మాట వినబడింది. నవ్వును దగ్గులోకి మార్చుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా మా అంగడికి కొనుగోలుకు పోయేది నేను. గల్లా దగ్గర ఎవరైనా కూర్చుంటారు. సంవత్సరానికి రెండుసార్లు ముంబై పోయి, పది అంగళ్ళు తిరిగి, వాళ్ళ చేత దండం పెట్టించుకుని సరుకు తేవడంలోనే నా మగతనం, నా పేరు, నా పెళ్ళిసంబంధం అన్నీ నిలబడి ఉన్నాయి.

"నువ్వు పోతావా అయితే ముంబైకి?" అన్నాను, రోషంగా.

"పోతాను," అంది వెంటనే. ఇంతకాలం ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు. "మీ కంప్యూటరు రెండున్నర వేల లోపల అయ్యి, పని చేస్తే మీరే వెళ్ళండి. పైసా దాటినా ఈ జూన్ కొనుగోలుకు నేను వెళ్తాను. ఆ తర్వాతా నేనే."

"సరి బిడు," అన్నాడు నాయన కన్నడంలో, సరేలే అన్నట్టు. "ఇద్దరూ ఒప్పుకున్నారు గదా. లెక్క నేను చూస్తా."

పదిహేను రోజుల్లో తీగలన్నీ గుచ్చాను. నడిపించే ప్రోగ్రాము ఒక చిప్‌లో రాయించాలి. మార్కెట్ సందులో టీవీలు బాగుచేసే చాచా దగ్గర దానికి పెట్టె ఉంది. ఒకసారి రాస్తే యాభై. నలభైకి దించాను.

"నలభయ్యే తీసుకుంటా సేట్," అన్నాడు చాచా. "చాయ్ నీది."

ఒక్కో టీ పన్నెండు. ఇద్దరికీ కలిపి ఇరవై నాలుగు. ఈ బేరంలో నాకు మిగిలింది ఎంతో పాఠకులు లెక్క వేసుకోవచ్చు. నేనప్పుడు వెయ్యలేదు.

చిప్ పెట్టి కరెంటు ఇచ్చాను. ఆరు అంకెలూ ఒక్క క్షణం సున్నాలు చూపి, ఆ తర్వాత పూనకం వచ్చినట్టు ఏవేవో చూపించాయి. చిప్ మీద వేలు ఆనిస్తే కుదుటపడేది. వేలు తీస్తే మళ్ళీ పూనకం. ప్రోగ్రాములో తప్పుందనుకున్నాను. చిప్‌ను చెరిపి మళ్ళీ రాయించాలి.

ఈ పాతకాలపు చిప్‌కు నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి అతినీలలోహిత కాంతి పడితే లోపల రాసిందంతా చెరిగిపోతుంది. ఇరవై నిమిషాల్లో చెరిపే లైటు పెట్టె తొమ్మిది వందలు. ఎండలో పెట్టినా చెరుగుతుందని చదివాను, కాకపోతే వారం పడుతుంది. బళ్ళారి మనిషి ఏప్రిల్ నెలలో వెలుతురు డబ్బిచ్చి కొంటాడా? మిద్దె మీద పెట్టాను.

మిద్దె మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ పడే చోటు ఒక్కటే. అక్కడ నా భార్య పాత చీర పరిచి వడియాలు పెట్టి ఉంది. చీరను నాలుగు మూలలా పట్టుకుని రోడ్డు వైపు పిట్టగోడ కిందికి జరిపాను. ఆ రోడ్డు మీద ఇనప ఖనిజం లారీలు పోతాయి. మూడో రోజుకు వడియాలు ఎర్రగా తయారయ్యాయి.

"మీ చిప్ సంగతేమో గానీ," అంది ఆమె చీర దులుపుతూ, "నా వడియాలు మాత్రం మొదట ఏ రంగువో చెరిగిపోయిందండీ."

వారానికోసారి చెరపడం, రాయించడం. నాలుగు వారాలు పోయాయి. ప్రోగ్రాములో తప్పు లేదని అప్పటికి నమ్మకం కుదిరి, మిగతావాటిని ఒక్కొక్కటిగా అనుమానించడం మొదలుపెట్టాను. జ్ఞాపకం చిప్ చెడిందేమో, కొత్తది నూట ఎనభై. కరెంటు ఇచ్చే అడాప్టరు చవకదేమో, మంచిది నాలుగు వందల యాభై. ఇక మిగిలింది మెదడు. అది బళ్ళారిలో నాలుగు వందల ఇరవై. బెంగళూరులో మూడు వందల యాభై. డెబ్భై రూపాయలు ఎవడు వదులుకుంటాడు? బస్సెక్కాను.

అన్నీ బేరమాడే కొన్నాను. ఒక్కటి కూడా చెప్పిన రేటుకు కొనలేదు. అయినా పూనకం దిగలేదు.

ఐదోసారి రాయించడానికి పోయినప్పుడు, విసుగొచ్చి, మొత్తం యంత్రాన్నే జిప్పుల అట్టపెట్టెలో పెట్టుకుని చాచా ముందు దించాను. అంతవరకు ఆయన నా చిప్‌నే గానీ కంప్యూటరును చూడలేదు. కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని చాలాసేపు వంగి చూశాడు.

"సేట్, కెపాసిటర్లు యాడ?"

"ఉండాయి గదా చాచా. ఇదో ఇక్కడొకటి, అక్కడొకటి."

"బాకీవి? మిగిలినవి?"

"తగ్గించినా."

"ఎవర్ని అడిగి తగ్గించినావప్పా?"

నేను బంతి, బిందెల లెక్క చెప్పాను. చాచా టీ గ్లాసు కింద పెట్టాడు.

"పదమూడు మంది ఒకేసారి నీళ్ళు తాగితే రెండు బిందెలు యాడ సాలుతాయి? పదకొండు మంది గొంతు ఎండి సస్తాండారు. నువ్వేమో వాళ్ళ నోట్లో నాలిక మారుస్తాండావు, పల్లు మారుస్తాండావు. కైకు సేట్, ఎందుకు?"

సొరుగులోంచి పదకొండు కెపాసిటర్లు లెక్కపెట్టి తీశాడు. ఒక్కోటి రూపాయి. నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది.

"పదికియ్యి చాచా."

"నక్కో, వద్దు. ఈ బేరంతోనే ఈడిదాకా వచ్చినావు."

పదకొండు ఇచ్చాను. అక్కడే కూర్చుని ఒక్కోటీ గుచ్చాను. కరెంటు పెట్టాం. ఆరు సున్నాలు. చిప్ మీద ఆనించిన వేలు తీశాను. ఆరు సున్నాలే. నేను లేచి నిలబడ్డాను. చాచా ఇంకో టీ చెప్పాడు, ఈసారి తన ఖర్చుతో.

ఆదివారం పొద్దున అంగట్లో త్రాసు పక్కన యంత్రాన్ని పెట్టి నాయనను, నా భార్యను పిలిచాను. పాలిటెక్నిక్‌లో దక్కని మీటలు నా చేతికింద ఉన్నాయి. ఏడు నొక్కాను, ఐదు నొక్కాను, కూడమన్నాను. ఎర్ర అంకెల చోట ‘0C’ అని వచ్చింది.

"ఏడూ ఐదూ సీ నా?" అన్నాడు నాయన. "ఏం లెక్కరా ఇది? ఇట్ల బిల్లు రాస్తే ఊళ్ళో ఉండనిస్తారా?"

పదిని ఏ అనీ, పన్నెండును సీ అనీ చూపడం దాని పద్ధతి అని చెప్పాను. మా లెక్కకు మార్చే ఆజ్ఞ కూడా దానిలో ఉంది. ఇంకో రెండు మీటలు అదనంగా నొక్కి మళ్ళీ కూడించాను. పన్నెండు వచ్చింది. నాయన తన వేళ్ళ మీద కూడా ఒకసారి సరిచూసుకుని తల ఊపాడు.

"పని చేస్తాండాది. ఒప్పుకున్నా. ఖర్చు చెప్పు."

జేబులోంచి చీటీ తీశాను. అందులో నిన్ననే కూడి పెట్టుకున్నాను. రెండు వేల నాలుగు వందల అరవై ఒకటి. ముప్పై తొమ్మిది రూపాయలు మిగులు.

"చీటీ ఎందుకు?" అన్నాడు నాయన. "కూడేదాన్ని తెచ్చి ముందర పెట్టుకోని చీటీ చదువుతాండావే. దాంట్లోనే కూడించు."

పెద్ద అంకెలు కూడే ఆజ్ఞలు నొక్కడానికి నాకు ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా ఇద్దరూ పనేమీ లేనట్టు అక్కడే కూర్చున్నారు. తర్వాత ఒక్కొక్కటే చదువుతూ నొక్కాను. తూకం చిప్‌లు రెండు వందల అరవై. తీగలు గుచ్చే పలకలు మూడు వందల ముప్పై. తీగలు నూట యాభై. మీటలు, అంకెలు మూడు వందల ఎనభై. మొదటి అడాప్టరు నూట యాభై, రెండోది నాలుగు వందల యాభై. జ్ఞాపకం నూట ఎనభై, మెదడు మూడు వందల యాభై. చాచాకు ఐదుసార్లు రెండు వందలు. కెపాసిటర్లు పదకొండు. ఎర్రగా 2461 వెలిగింది.

"టీలు?" అంది నా భార్య.

"టీలు ఎవరైనా లెక్కేస్తారా?"

"అంగడికొచ్చే కుట్టేవాళ్ళకిచ్చే టీ కూడా మీరు ఖర్చులో రాస్తారండీ."

నాయన వేలితో యంత్రం వైపు చూపించాడు. నూట ఇరవై నొక్కాను.

"బెంగళూరు బస్సు తొమ్మిది వందలు. అక్కడ తిన్నది రెండు వందల నలభై. నా వడియాలు మూడు వందలు. ఆ రోజు గోదాము తాళంచెవి మీ జేబులో బెంగళూరు పోయింది. జిప్పులకొచ్చిన జీన్స్ కుట్టు యూనిట్ ఆయన పక్కంగడికి పోయాడు. ఆ లాభం ఆరు వందలు."

ఆమె చెబుతూ పోయింది, నేను నొక్కుతూ పోయాను. టీల దగ్గరే నేను ఓడిపోయాను. అయినా ఆమె ఆపలేదు, నేనూ ఆపలేదు. 4621.

"ఇంకేమన్నా ఉండాదా?" అన్నాడు నాయన.

ఓడిపోయాక నిజం చెప్పడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. బెంగళూరులో నేను కొన్న మెదళ్ళు రెండు. మొదటిది ఫుట్‌పాత్ మీద రెండు వందల యాభైకి, సగానికి సగం బేరమాడి తీసుకున్నాను. నాలుగడుగులు వేశాక గోటితో గీస్తే పైన అచ్చువేసిన నంబరు ఊడి వచ్చింది. లోపల ఇంకేదో నంబరు. రెండోది అంగట్లో కొని, మొదటిదాని గురించి ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు వందల యాభై కూడా నొక్కాను.

4871. చెప్పింది రెండు వేల ఐదు వందలు. దాటింది రెండు వేల మూడు వందల డెబ్భై ఒకటి. తయారు కిట్ కొనుంటే ఎనిమిది వందల డెబ్భై ఒకటి మిగిలేది. మరుసటి రోజు స్టేషన్‌కు పోయి ఆమె పేరున ముంబైకి టికెట్టు తీశాను. దాన్ని ఇందులో కలపలేదు. అది అంగడి ఖర్చు.