ఆపరేషన్ రోజు బాబాయి ఎటు వెళ్ళాడు

మా బాబాయి ఆపరేషన్‌కు జడిసి, ఆసుపత్రి గౌను మీదే చొక్కా తగిలించుకుని పారిపోయాడని మా వీధిలో చెప్పుకుంటారు. "అంత ఇనుము కోసినవాడికి తన ఒంటి మీదికి వచ్చేసరికి కాళ్ళు వణికాయి" అని ఎదురింటి టైలరు ఇప్పటికీ నవ్వుతాడు. చొక్కా సంగతి నిజమే. బొత్తాలు పెట్టింది నేనే.

బాబాయి గేట్లు, కిటికీ చువ్వలు వెల్డింగ్ చేసేవాడు. మంట రాజేసే ముందు "కళ్ళు" అని కేక వేసేవాడు. షెడ్డులో ఎవరున్నా కళ్ళు మూసుకోవాలి. మళ్ళీ "అయింది" అనేదాకా తెరవకూడదు. ఆయన కూతురు బుడ్డి పాకే వయసు నుంచీ ఆ కేక వింటే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకునేది.

నిచ్చెన మీంచి స్పృహ తప్పి పడ్డాక తెలిసింది, ఆయన గుండె కండ మందమై రక్తం పోయే దారికి అడ్డొస్తోందని. మాత్రలతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. అవి చాలక డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది: లావెక్కిన కండను కొంత కోసి తీసేయవచ్చు. గుండె ఉన్నట్టుండి లయ తప్పితే సరిచేసే చిన్న యంత్రాన్ని చర్మం కింద అమర్చవచ్చు, కానీ అది పెట్టాక వెల్డింగ్ మానుకోవాలి.

"ముందు కోసేయండి డాక్టరమ్మా, యంత్రం సంగతి తర్వాత చూద్దాం. అంచు మాత్రం నున్నగా రావాలి, నా పేరు చెడగొట్టకండి" అన్నాడు బాబాయి. ఆవిడ కూడా నవ్వింది.

ఆపరేషన్ రోజే బడిలో బుడ్డికి పరుగు పందెం. "నన్ను మత్తులో చూసి ఏం చేస్తావు, దాని పరుగు చూసి రా" అని పిన్నిని పంపేశాడు. నేను తోడున్నాను. పొద్దున ఇంకో డాక్టరు వచ్చి, "పిల్లలున్నారా? ఇది తండ్రి నుంచి పిల్లలకు రావచ్చు. వాళ్ళకీ పరీక్ష చేయించండి, అప్పటిదాకా పరుగులు వద్దు" అని చెప్పి వెళ్ళాడు.

బాబాయి మంచం దిగాడు. పిన్నికి చెబుదామంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మా దగ్గరే ఉంది. బడికి చేస్తే మోగుతూనే ఉంది. అందరూ మైదానంలో ఉన్నట్టున్నారు.

"నేను వెళ్తాను బాబాయ్."

"అంతమందిలో నువ్వు నోరు విప్పుతావా తల్లీ? పద, ఇద్దరం వెళ్దాం."

నర్సు అడ్డుపడితే, "గంటలో వస్తానమ్మా, మంచం ఎవరికీ ఇవ్వకు" అన్నాడు.

మేం చేరేసరికి పందెం మొదలైపోయింది. బుడ్డి అందరికంటే ముందుంది. బాబాయి పిలిచాడు. మైకు హోరులో వినపడలేదు. తాడు దాటి మైదానంలోకి నడిచాడు. నేను చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాడు. ఊపిరంతా కూడదీసుకుని, "కళ్ళు" అని అరిచాడు.

బుడ్డి ఉన్నచోటే ఆగిపోయి మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది. మిగతా పిల్లలు దాన్ని దాటుకుని పోయారు. బాబాయి మోకాళ్ళ మీదికి కూలి, పక్కకి ఒరిగిపోయాడు. పిన్ని అవతల నుంచి పరుగెత్తుకొచ్చింది. ఎవరో ఛాతీ మీద నొక్కారు, ఎవరో నీళ్ళు తెచ్చారు. అంతసేపూ బుడ్డి అక్కడే నిలబడి ఉంది, "అయింది" అనే మాట కోసం.

బాబాయి పోయాక చేసిన పరీక్షలో బుడ్డి గుండె కండ కూడా మందంగా ఉందని తేలింది.