ఆఖరి బెంచీకి మిగిలిన ఎయిమ్

ఆ రోజుల్లో మా బళ్ళారి వైపు పిల్లలకి కాళ్ళకు చెప్పులున్నా లేకున్నా, ఇంగ్లీషులో ఒక 'ఎయిమ్' మాత్రం ఉండి తీరాలి. (ఎయిమంటే గురి అనీ, ధ్యేయమనీ, బతుకులో మనిషి పోవాల్సిన దిక్కనీ మా ఇంగ్లీషు సారు చెప్పేవాడు. మాకు ఒక్కటీ తలకెక్కేది కాదు.) జిల్లా మైసూరు రాజ్యంలో కలిసిన కొత్తలో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. మేము చాటుగా నశ్యం సారని పిలుచుకునే ఆ ఇంగ్లీషు సారు, వెంటనే ఎయిములు బెంచీల వారీగా పంచిపెట్టాడు. ముందు బెంచీ డాక్టర్లు, దాని వెనక ఇంజనీర్లు, ఆ వెనక ప్లీడర్లు. మా ఆఖరి బెంచీ దగ్గరికొచ్చేసరికి ఉద్యోగాలు అయిపోయాయి. ఒక పట్టు నశ్యం పీల్చి, "మీరు దేశసేవ చేయండప్పా" అన్నాడు.

నాకది నవ్వులాట కాదు. ఇన్‌స్పెక్టరు ముందర ఇంగ్లీషు మాట్లాడితే పైచదువు, లేకుంటే నాగలి అని మా నాయన తేల్చేశాడు. ఆ దేశసేవ వాక్యాన్ని నేను మా గేదెలకు కూడా అప్పజెప్పాను. పాపం, అవి అడ్డు చెప్పలేదు.

ఆ రోజు ఊరి పెద్దలతో పాటు నాయనా వచ్చి గోడవారన కూర్చున్నాడు. వరసగా డాక్టర్లు లేచారు, ఇంజనీర్లు లేచారు. ఇన్‌స్పెక్టరు విని విని, అందరూ డాక్టర్లయితే అన్నం పండించేదెవరని కన్నడంలో అడిగాడు. సారు ముఖం పాలిపోయింది. గబగబా నా దగ్గరికొచ్చి, రెక్క పట్టి లేపి, "ఫార్మర్ అను" అని చెవిలో ఊదాడు. నిలబడ్డ చోటే నా ఎయిమ్ మారిపోయింది. "మై ఎయిమ్ ఈజ్ టు బికమ్ ఎ ఫార్మర్, సార్" అన్నాను, ఒక్క తప్పు లేకుండా. ఇన్‌స్పెక్టరు పొంగిపోయి నా భుజం తట్టి, ఎయిమంటే ఇదీ అని పెద్దల వైపు తిరిగి చెప్పాడు.

ఇంటికొచ్చి పైచదువు మాట ఎత్తాను. నాయన నింపాదిగా, "అంత పెద్ద దొర మెచ్చినంక నేను కాదంటే బాగుంటాదా?" అన్నాడు. తెల్లారి నేను జొన్నచేలో నాగలి వెనక ఉన్నాను.

నేను దున్నిన సాలు పాము పోయిన దారిలా వచ్చేది. నాయన కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒక పొద్దున ఎద్దుల్ని ఆపాడు.

"సాలు తిన్నంగా రావాలంటే ఎదుటి గట్టు మీద ఒక గురి పెట్టుకోని దాన్నే చూడాలప్పా. నువ్వు యాడ చూస్తాండావు?"

ఆయనే నా చూపు వెంబడి చూశాడు. కప్పగల్లు ఊరికి పోయే బాటలో మా క్లాసువాళ్ళు సంచులు ఊపుకుంటూ బడికి పోతున్నారు. నాయన చాలాసేపు అటే చూసి, నాగలి నా చేతిలోంచి తీసుకున్నాడు. "పో, బడికే పో. ఎద్దులన్నా బతుకుతాయి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకూ వచ్చిందేమో, ఎద్దుల్ని అదిలిస్తూ అటు తిరిగిపోయాడు.

డాక్టర్ల బెంచీలో ఒకడు లారీలు తిప్పాడు, ఇంకొకడు బస్సులో టిక్కెట్లు కొట్టాడు. ఏ బెంచీకీ పంచని ఉద్యోగం నాకు దొరికింది, ఇంగ్లీషు మాస్టరుగా. చేరిన మొదటి రోజు క్లాసులో మీ ఎయిమ్ ఏమిటని అడిగాను. అందరూ డాక్టర్లే అన్నారు. సంతోషమని కూర్చోబెట్టాను. మరి అన్నం పండించేదెవరని మాత్రం అడగలేదు. ఆఖరి బెంచీలో ఒకడు కిటికీలోంచి బాట వైపు చూస్తున్నాడు. వాడిని కాసేపు చూడనిచ్చాను.