అక్క జుట్టుకు నేను చేసిన సబ్బు

మా అక్క జుట్టు పాడు చేసింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ సూటిగా అనలేదు. అడిగినవాళ్లకు కొంత నీళ్ల మీద, కొంత వయసు మీద తోసి చెప్పాను. అందులో అబద్ధం లేదు గానీ అది నిజమూ కాదు.

అక్క నాకంటే పదేళ్లు పెద్దది. మాది బంట్వారం దగ్గర చిన్న ఊరు. నాయన పొద్దున్నే గొర్ల వెంట పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. నాకు నాలుగేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటినుంచి నన్ను పెంచింది అక్కే. ఆదివారం వచ్చిందంటే కుంకుడుకాయలు రాయి మీద కొట్టి, గింజలు ఏరి పారేసి, వేడినీళ్లలో పిసికి, నన్ను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని తల రుద్దేది. కళ్లు మండి నేను ఊరంతా వినపడేలా ఏడిస్తే నోట్లో ఇంత ఉప్పు పెట్టేది. ఉప్పు నాలుక మీద పడితే మంట తగ్గుతుందని ఆమె నమ్మకం. నాకు తగ్గేది కూడా.

తన జుట్టు నడుము దాటి ఉండేది. కొప్పు చుడితే ఒక చేతికి అందేది కాదు. పెళ్లయి తాండూరు వెళ్లాక ఆ వాడకట్టులో ఆమెను పేరుతో ఎవరూ గుర్తుపట్టేవాళ్లు కాదు, "పెద్ద కొప్పు ఆమె" అంటే మాత్రం పిల్లలు కూడా ఇల్లు చూపించేవాళ్లు. బావ నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో పని చేస్తాడు. ఇల్లు కూడా అక్కడికి దగ్గర్లోనే, ఊరి చివర.

నేను చదువుకుని వికారాబాద్‌లో సైన్స్ టీచర్‌నయ్యాను. ఈ ఉద్యోగంలో రెండు జబ్బులు వస్తాయి. ఒకటి గొంతు నొప్పి, రెండోది ఎదుటి మనిషి ఏదైనా చెబితే దానికి జవాబు చెప్పకుండా ఉండలేకపోవడం. మొదటిదానికి మందులున్నాయి.

ఊళ్లు వేరైనా మా ఇద్దరికీ రోజూ సాయంత్రం ఫోను ఉండేది. కూరలో ఉప్పెక్కువైన సంగతి నుంచి మడమ నొప్పి దాకా అక్క అన్నీ నాకే చెప్పుకునేది. బావకు చెప్పనివి కూడా చెప్పేది. తర్వాత నాయన కూడా పోయాడు, ఇక ఆ ఫోనే నాకు పుట్టిల్లు.

సబ్బుల పిచ్చి నాకు మూడేళ్ల కిందట పట్టింది. దువ్వెన పెడితే నా జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. స్నానాల గది మూలన ఖాళీ షాంపూ ప్యాకెట్లు పోగుపడి ఉన్నాయి. ఆ రెండూ చూసి ఒకరోజు నాకు కోపం వచ్చింది. నా కోపం ఊరికే పోదు, ఏదో ఒక పని పెట్టుకుంటుంది. ఫోనులో వీడియోలు చూసి, కొబ్బరినూనె, ఆముదం, కాస్టిక్ సోడా తెచ్చి, కళ్లద్దాలూ చేతి తొడుగులూ వేసుకుని వంటింట్లో దిగాను. మామూలు నీళ్లకు బదులు కుంకుడుకాయ, శీకాయ కలిపి కాచి చల్లార్చిన కషాయం వాడాను. మా ఆయన గడప అవతల నిలబడి, "బళ్లె ల్యాబ్ లేదని ఇంట్ల పెట్టినవా?" అని లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు.

మొదటిసారి గట్టిపడలేదు, నూనె పైకి తేలింది. రెండోసారి పొడిపొడిగా రాలిపోయింది. మూడోసారి మాత్రం కుదిరింది. మిఠాయి డబ్బాలో పోసి, మర్నాడు మైసూరుపాకులా ముక్కలు కోసి, బీరువా మీద కాగితం పరిచి ఆరున్నర వారాలు ఆరబెట్టాను. వీడియోలో ఆరు వారాలు చాలన్నారు, ఆ అర వారం నా భయం కోసం. మా ఇంట్లో నల్లా నీళ్లు. తలకు రుద్దితే తెల్లటి నురుగు చెవుల మీదికి జారింది. మొదటి రెండు వారాలు జుట్టు కొంచెం బిరుసుగా, జిగటగా అనిపించింది. షాంపూ మానేసినప్పుడు అలాగే ఉంటుంది, తల అలవాటు పడేదాకా ఓపిక పట్టాలి అని వీడియోలో చెప్పారు. ఓపిక పట్టాను. నెల తిరిగేసరికి నిజంగానే జుట్టు రాలడం తగ్గింది.

ఇక నన్ను పట్టుకునేవాళ్లు లేరు. స్టాఫ్ రూములో అందరికీ తలా ఒకటి పంచాను. మర్పల్లి నుంచి వచ్చే టీచరమ్మ వాళ్లింట్లో అందరికీ కావాలని అడిగి మరీ తీసుకుంది. అక్క పాత ఫొటో ఒకటి నా దగ్గర ఉంది, వెనకనుంచి తీసింది, జడ కనపడేలా. దాన్ని ఫోనులో స్టేటస్ పెట్టి, కింద "ఇంట్లో చేసిన కుంకుడు సబ్బు" అని రాశాను. అప్పటికి అక్క ఆ సబ్బును కంటితో కూడా చూడలేదు. ఆ జడ కుంకుడుకాయలు కొట్టుకుని, పిసుక్కుని పెంచుకున్న జడ. నేను చేసిన దానికి దాన్ని బొమ్మగా పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆ వేసవి సెలవుల్లో ఎనిమిది ముక్కలు గుడ్డలో చుట్టుకుని తాండూరు రైలెక్కాను. అక్క సంబరపడింది. వాసన చూసింది. "మస్తు కష్టపడ్డవ్ బిడ్డా" అంది. కానీ గూట్లోని కుంకుడుకాయల డబ్బా వైపు ఒకసారి చూసింది.

"అవి కూడా ఉండనియ్యి. అప్పుడిప్పుడు వాడుకుంట" అంది.

"రెండూ కలిపితె ఏది పనిచేసిందో ఎట్ల తెలుస్తది? ఇన్నేండ్లు కొట్టింది చాలక్కా. మోకాళ్లు నొప్పంటవ్, మళ్ల కింద కూసొని కొట్టుడెందుకు?" అన్నాను నేను.

వచ్చేటప్పుడు ఆ డబ్బా నా సంచిలో పెట్టుకుని తెచ్చేశాను. తర్వాతి సబ్బులకు పనికొస్తాయని అక్కతో చెప్పాను. ఆమె మళ్లీ వాటి జోలికి పోకూడదన్నది నా అసలు ఉద్దేశం. ఏ పనైనా సగం సగం చేస్తే నాకు నచ్చదు. ఆ గుణాన్ని చాలాకాలం మంచి గుణమే అనుకున్నాను.

రెండు వారాలకు ఫోనులో అక్క అంది, "నెత్తి జిగట జిగట అయితుందే. ఎంత కడిగినా పోతలేదు."

"మొదట్ల గట్లనే ఉంటదక్కా. నాకు గూడ అయింది. నెల రోజులు ఓపిక పట్టు, నడుమ ఇడువకు."

ఇంకో పదిహేను రోజులకు మళ్లీ అంది. ఈసారి గొంతు తగ్గించి, ఏదో తప్పు చేసినదానిలా. "దువ్వెన దిగుతలేదే. దాని పండ్లకు తెల్లగ మడ్డి పడుతుంది."

"నువ్వు సక్కగ కడుగుతలేవు. ఇంకో నాలుగు చెంబులు ఎక్కువ పోసుకో."

ఆ తర్వాత సబ్బు ఊసు ఎత్తలేదు. ఎలా ఉందని నేను అడిగితే "మంచిగనే ఉన్నది" అనేది. చూశావా, అలవాటు పడింది, నేను చెప్పలేదూ అని మా ఆయనతో గర్వంగా అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఉండేది నా వరస.

ఆ నెలల్లోనే బడిలో కఠిన జలం పాఠం చెప్పాను. ఏటా చెప్పే పాఠమే. సున్నపురాయి మీదుగా వచ్చే నీళ్లలో సబ్బు నురగదు, తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది అని బోర్డు మీద రెండు గ్లాసుల బొమ్మ గీశాను. మన దగ్గర ఉదాహరణ చెప్పండంటే వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి "తాండూరు టీచర్, ఆడంత రాయే కదా" అంది. వెరీ గుడ్ అని చప్పట్లు కొట్టించాను. సాయంత్రం ఇంటికొచ్చి తాండూరుకు ఫోను చేసి, సబ్బు అయిపోతే చెప్పక్కా, ఇంకో ఎనిమిది పంపిస్తానన్నాను. ఇంత చదువు చదివినదాన్ని, ఆ బెంచీకీ ఈ ఫోనుకూ మధ్య ఉన్న నాలుగడుగుల దూరం దాటలేకపోయాను.

దసరా సెలవుల్లో చెప్పకుండా వెళ్లాను. తలుపు తీసిన అక్క నెత్తి నిండా కొంగు కప్పుకుని ఉంది. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం, ఉక్కగా ఉంది, అయినా కొంగు తీయదు. కాసేపు చూసి నేనే లాగాను.

జుట్టు మెడ దగ్గర ఆగిపోయింది. ఎగుడుదిగుడుగా కత్తిరించి ఉంది. మిగిలిన జుట్టు కూడా దుమ్ము పట్టినట్టు తెల్లగా, మొండిగా ఉంది. అక్కే చిన్నపిల్లలా చేత్తో మెడ తడుముకుని, "చిక్కు పడ్డదే, ఇడువలే" అంది.

పక్కింటామె మా మాటలు విని వచ్చింది, ఖాలా అంటే పిన్ని, వాడకట్టంతా ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె బురఖాలు కుడుతుంది, అక్కకు పాతికేళ్ల స్నేహం. జుట్టు కత్తిరించింది ఆమే. నన్ను చూసి ఆమెకు మొహమాటం లేదు.

"టీచరమ్మా, మూడు దినాలు కూసొని ఒక్కొక్క ఎంటికె ఇడదీద్దామని చూసిన. కొప్పుల లోపట జంపఖానా లెక్క అల్లుకపోయింది. ఏం జేస్త? కైంచి పెట్టిన. కోస్తుంటె నాకే ఏడుపొచ్చింది, మీ అక్క మాత్రం ఏడ్వలే." తర్వాత నా మొహం చూసి, కొంచెం మెత్తగా అంది, "గీ బోరు నీళ్లకు నెత్తికి సబ్బు పెడ్తరా ఎవలన్న? గీ నీళ్లల్ల పప్పే ఉడ్కది. మేమంత కుంకుడుకాయలే వాడ్తం. గా నీళ్లకు గదొక్కటే నురుగొస్తది."

నేను లేచి దొడ్లోకి వెళ్లాను. బోరు నీళ్లు చెంబుతో ముంచి, గూట్లో మిగిలిన నా సబ్బు ముక్క అందులో రుద్దాను. నురుగు రాలేదు. నీళ్లు విరిగిన పాలలా అయ్యాయి, తెల్లటి పలుకులు నా వేళ్లకు అంటుకున్నాయి. బోర్డు మీద నేను గీసే రెండో గ్లాసు అదే. నిమ్మరసం పిండిన నీళ్లు చివర్లో పోసుకున్నా ఆ మడ్డి చాలావరకు వదిలేది. అదీ నాకు తెలుసు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. అక్కకైతే కొండనాలుక నొప్పి కూడా లేదు. నొప్పి లేని చోట తీసుకెళ్లి మందు వేశాను.

లోపలికి వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు. "పోనీ తియ్యి, నెత్తి బరువు తగ్గి అల్కగైంది" అని ఆమే నన్ను ఓదార్చింది.

ఏడుస్తూనే అడిగాను, "ఇంత అయ్యేదాక నాకు చెప్పొద్దా అక్కా?"

నా మీద ప్రేమతో దాచిపెట్టిందనీ, చెల్లెలు కష్టపడి చేసిందని ఓర్చుకుందనీ నా మనసు అప్పటికే ఒక కథ అల్లుకుంది. ఆ కథలో నా తప్పు కొంచెం చిన్నదిగా కనిపించింది. అక్క నా వైపు ఆశ్చర్యంగా చూసింది.

"చెప్పిన కదనే. రెండుసార్లు చెప్పిన."

కోపంగా అనలేదు. ఉన్న మాట అంది.

మర్నాడు బజారుకు పోయి కుంకుడుకాయలు తెచ్చి నేనే కొట్టి అక్క తల రుద్దాను. వికారాబాద్ వచ్చాక సబ్బులు చేయడం మానలేదు, అది కూడా చెప్పాలి. నా నీళ్లకు అవి సరిపోతాయి. అడిగినవాళ్లకు ఇస్తూనే ఉన్నాను, మీ ఇంట్లో ఏ నీళ్లని ముందు అడుగుతాను. అక్క జుట్టు కూడా మెల్లగా పెరిగింది. పలచగానే అయినా భుజాలు దాటింది. జుట్టు సంగతి అంతటితో సర్దుకుంది.

సర్దుకోనిది ఫోను. రోజూ సాయంత్రం మోగుతూనే ఉంది. కూర చెబుతుంది, ఎండ చెబుతుంది, బావ డ్యూటీ చెబుతుంది. ఒంట్లో ఎలా ఉందంటే "మంచిగనే ఉన్న" అంటుంది. మోకాళ్లంటే "మంచిగనే ఉన్నయ్." ముందు ఆ మాటకు నెమ్మది పడేదాన్ని. ఈమధ్య ఆ మాట వింటే గుబులుగా ఉంటుంది.

మొన్న ఒకరోజు అక్క ఫోను ఖాలా ఎత్తింది. అక్క స్నానం చేస్తోందట. మాటల మధ్య, "చేతికి కట్టు ఉన్నది కద, జర టైం పడ్తది" అంది. ఏ కట్టు అన్నాను. అవతల ఖాలా నాలుక కరుచుకుంది. అక్క జారిపడి మణికట్టు విరిగి అప్పటికి మూడు వారాలట. ఆ మూడు వారాలూ నేను రోజూ మాట్లాడాను.

బడికి సెలవు చెప్పి తర్వాతి రైలుకు వెళ్లాను. అక్క మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో కందులు ఏరుతోంది. తెల్లటి కట్టు మోచేయి దాకా ఉంది. నన్ను చూసి నవ్వింది. చెప్పులు కూడా విడవకుండా నేను అన్నాను, "పాలు తాగుతున్నవా? కాల్షియం గోళీలు ఏస్కుంటున్నవా? ఎండల కూసొమ్మంటె ఇంటవా నువ్వు? ఏ డాక్టర్? కట్టు గింత బిగ్గ ఎందుకు కట్టిండు? నాకెందుకు చెప్పలే?"

అక్క చేతిలోని కందులు చేటలో వదిలింది.

"గిందుకే చెప్పలే బిడ్డా" అంది.

తర్వాత నాకు ఎడమ చేత్తోనే చాయ్ పెట్టి ఇచ్చింది. నేను తాగాను. ఏమీ అడగకుండా సాయంత్రం దాకా పక్కనే కూర్చున్నాను, ఆమే చెబుతుందేమోనని. కందుల గురించి చెప్పింది, ఈసారి పుచ్చు ఎక్కువ వచ్చిందంది. ఎలా పడిందో నాకు ఇప్పటికీ తెలియదు.