అక్కకు పనికిరాని గోలీ

ముప్పై తొమ్మిదేళ్లకే నాకు గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఆపరేషన్ తర్వాత కోదాడలో మా ఇంటికి వచ్చి నన్ను చూసుకున్నది అక్కే. నాకంటే పదహారేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచిందీ ఆమే. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది.

ఈస్ట్రోజెన్ మాత్రలు మొదలుపెట్టాక నా ఒంట్లో ఆవిర్లు తగ్గాయి. ఇంత చిన్న వయసులో ఆ హార్మోను ఆగిపోతే గుండెకూ ఎముకలకూ నష్టమని, మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా వాడమని సూర్యాపేట డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటను అక్కకు గొప్పగా అందించాను.

"ఈ గోలీ గుండెకు గూడ మంచిదంట అక్కా. కమ్మగ నిద్ర పడ్తుంది."

అప్పటికి అక్కకు గుండెపోటు వచ్చి, స్టెంట్ వేసి ఏడాదైనా కాలేదు. ఆ మాట ఆమెను ఆశపెడుతుందన్న ఆలోచనే నాకు రాలేదు.

పోయిన ఎండాకాలం అక్క మా ఇంట్లో కొన్నాళ్లు ఉంది. ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే ఆమె సంచిలోంచి నా మాత్రల అట్ట జారిపడింది. సగం ఖాళీ.

"ఇవి నువ్వు మింగుతున్నవా?"

అక్క మొహం తిప్పుకుంది. "మింగితే ఏమైతదే? గుండెకు మంచిదని నువ్వే అంటివి గద. పెయ్యంత మంటలు పుడ్తుంటే నేను సక్కగ పండి ఎన్నేండ్లయిందో నీకెర్కనా?"

నాకు తెలియదు. నా నిద్ర గురించి చెప్పుకున్నానే గాని, ఆమె నిద్ర గురించి ఎన్నడూ అడగలేదు.

గుండెపోటు వచ్చిన మనిషి డాక్టరును అడక్కుండా మింగిందని కంగారుపడి, అప్పటికప్పుడు సూర్యాపేట బస్సెక్కాం. ఆమె కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నప్పుడల్లా భయపడి చేయి పట్టుకుని చూశాను. ఆమెకేమన్నా అయితే అది నా నోటి వల్లే.

డాక్టరమ్మ ఈసీజీ తీయించింది. కొత్తగా తేడా ఏమీ లేదు. అక్క ఊరుకోలేదు.

"ఒక్కటే గోలీ గద మేడం. చెల్లె గుండెకు మంచిదైంది, నా గుండెకు చెడ్డదెట్లయితది?"

"మీ చెల్లెలి ఒంట్లో ఇంకా ఉండాల్సిన హార్మోన్‌నే మనం బయటి నుంచి ఇస్తున్నామమ్మా. ఆమె రక్తనాళాలు బాగున్నాయి. మీకు గుండెపోటు వచ్చింది. ఇప్పుడు ఇది వాడితే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అయినా ఇది గుండెజబ్బుకు మందు కాదు."

ఆవిర్లకు హార్మోన్ లేని వేరే మందు ఉందని చెప్పి, గుండె డాక్టరుతో ఫోన్లో మాట్లాడి మరీ రాసిచ్చింది.

అక్క అట్నుంచటే తన ఊరికి పోతానంటే, బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం నిలబడ్డాం. ఇక ఆ మాత్ర మానేద్దామా అని నేను లోపల్లోపల అనుకుంటున్నాను. అక్క నా మొహం చూసి అంది:

"నాకియ్యలేదని నువ్వు బంద్ జేసేవు. జేస్తివా, ఇగ నీ ఇంటికి రాను సూడు."

కొత్త మందుతో ఆమెకు ఆవిర్లు కొంత తగ్గాయి. రోజూ కాదు గాని, కొన్ని రాత్రులు నిద్రపోతున్నానంటుంది. నేను మాత్ర మానలేదు. నన్ను పెంచిన మనిషి అన్నేళ్లు ఉడికిపోతుంటే చల్లగా పడుకుని, ఆ సుఖాన్ని ఆమె ముందే చెప్పుకున్నానన్నది మాత్రం నన్నింకా వదల్లేదు.