పేర్లు తీసేస్తారన్న పుకారు, రామాంజినమ్మ

హిందూపురంలో మేము చదివిన డిగ్రీ కాలేజీకి ఒక పూర్వ విద్యార్థుల సంఘం ఉంది. ఏటా ఒక ఆదివారం కలుస్తాం, ఒకరికొకరం శాలువాలు కప్పుకుంటాం, సాంబారు బాగాలేదని సణుక్కుంటూ ఇళ్లకు పోతాం. అంతకు మించి ఆ సంఘం చేసిన ఘనకార్యం ఏదీ నాకు తెలియదు. దాని గురించి పుకారు పుడితే మాత్రం రాజ్యం కూలిపోతున్నట్టు హడావుడి పడే పెద్దమనుషులకు కొదవలేదు.

నిరుడు ఆ సంఘానికి రామాంజినమ్మ కార్యదర్శి అయింది. ఆమెది పెనుకొండ పక్క పల్లె, గొర్రెలు కాసుకునే కుటుంబం. మా రోజుల్లో అక్కడినుంచి ప్యాసింజరు రైల్లో కాలేజీకి వచ్చిన ఆడపిల్లలు ఇద్దరే. ఒకరు ఈమె, ఇంకొకరు ఈమె ఊరి గంగక్క. మొదటి సంవత్సరం చివర్లోనే గంగక్కకు పెళ్లి చేసి బత్తలపల్లికి పంపేశారు. రామాంజినమ్మ నాయనతో పోట్లాడి చదువు ముగించింది, తెలుగు పండితురాలై మొన్నమొన్నటిదాకా హైస్కూల్లో పాఠాలు చెప్పింది. నోరు మంచిది కాదని పేరు. నిజానికి ఆమె కేకలేయదు. కళ్లజోడు పైనుంచి చూసి ఒక్క మాట అంటుంది, అంతే.

సంఘంలో చేరాలంటే డిగ్రీ పాసై ఉండాలన్న నిబంధన ఉండేది. దాన్ని తీసేసి, ఒక్క ఏడాది చదివి ఆగిపోయినవాళ్లను కూడా చేర్చుకుందామని రామాంజినమ్మ ప్రతిపాదించింది. ఆమె కోరిన మార్పు అదొక్కటే. ఏటా కలిసే ఆదివారం సభలో దాన్ని తేల్చుకోవాలి.

కమిటీ గది దాటేసరికి ఆ మాట రూపే మారిపోయింది. పాత సభ్యుల పేర్లు తీసేస్తున్నారట. కాలేజీ గడప తొక్కనివాళ్లను చేర్చుకుంటున్నారట. సంఘాన్ని పెనుకొండకు తీసుకుపోతున్నారట. ఇకమీదట అది గొర్రెలోళ్ల సంఘమట. వాట్సాప్ గ్రూపులో పొద్దున లేస్తే ఇదే భజన. పిల్లలకు పాఠాలు చెప్పినవాళ్లు, వంతెనలు కట్టినవాళ్లు కూడా, ఒక్క ఫోన్ చేసి నిజమేంటో కనుక్కుందామన్న బుద్ధి లేక, వచ్చిన చెత్తను వచ్చినట్టే ముందుకు తోస్తూ కూర్చున్నారు.

గ్రూపులో జవాబు రాయమని ఆమెకు చెప్పాను.

"రాస్తే దానికి ఇంకో తోక తగిలిస్తారు. మొదలు యాడుండాదో ఆడికే పోదాం పా," అంది.

నీకెవరు పంపారు, నీకెవరు పంపారు అని ఫోన్లో అడుగుతూ పోతే మొదలు ధర్మవరంలో తేలింది. మాజీ అధ్యక్షుడు జగదీష్. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. పదవి పోయినా దండ కోసం మెడ చాచే అలవాటు పోలేదు. ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. భార్య కాఫీ తెచ్చి పెట్టింది. రామాంజినమ్మ ముట్టుకోలేదు.

యాడనుంచో వస్తే తాను పంపానంతే అన్నాడు జగదీష్. గొర్రెలోళ్ల సంఘమన్నదీ యాడనుంచో వచ్చిందేనా అని ఆమె అడిగింది. అతను, పాస్ కానివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటే డిగ్రీకి గౌరవమేముంటుందని ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆమె చివరిదాకా వింది.

"జగదీషా, రెండో సంవత్సరంలో బ్యాంకు ఉద్యోగమొచ్చి పోతివి. మళ్లా వచ్చి పరీక్ష రాసింది నేను చూడలా. ఇప్పుడుండే రూలు ప్రకారం నువ్వు సభ్యుడివే కాదు. ఈ మార్పు వస్తే నీకూ మేలేలే అనుకుంటి."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య అతనివైపు తిరిగి చూసింది. పెళ్లి పత్రికలో పేరు పక్కన బి.కాం. అని వేయించి ఉంటాడు.

"సభలో చెప్తావా?" అన్నాడు చిన్న గొంతుతో.

"నీ డిగ్రీతో నాకేం పని? నేను ఎవురికీ చెప్పను. నువ్వు పంపిన మాట అబద్ధమని నువ్వే లేచి చెప్పు, చాలు."

సభ రోజు ఎన్నడూ లేనంతగా హాలు నిండింది. పేరు పోతుందన్న భయం అంతమందిని లాక్కొచ్చింది. ఎవరి పేరూ తీసేయడం లేదని, సంఘం పేరూ ఊరూ మారవని, ఆగిపోయినవాళ్లను చేర్చుకోవడమే మార్పని రామాంజినమ్మ చెప్పింది.

"నచ్చనోళ్లు చెయ్యెత్తండి. ఫోన్లో కాదు, ఈడ."

ఒక్క చెయ్యీ లేవలేదు. గ్రూపులో సింహాల్లా గర్జించినవాళ్లంతా గోడల మీది ఫోటోలు చూస్తున్నారు. జగదీష్ లేచి, కొన్ని వర్గాల వల్ల అపార్థాలు కలిగాయని తిప్పితిప్పి చెప్పబోయాడు.

"ఆ వర్గాలు యాడుంటాయప్పా?" అంది ఆమె.

హాలంతా నవ్వింది. ఆ పుకారు తానే పంపానని, అది నిజం కాదని జగదీష్ గొణిగి కూర్చున్నాడు. మార్పు ఆమోదం పొందింది.

ఆ రోజు గంగక్క తన టిఫిన్ అంగడి మూసి బత్తలపల్లి నుంచి వచ్చింది. నిన్నటిదాకా ఆమెలాంటివాళ్లు వస్తే సంఘం మైలపడుతుందన్న మహానుభావులే వరసగా వచ్చి ఆమెతో ఫోటోలు దిగారు. ఆమె భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ, ఇంతమంది చదువుకున్నోళ్లు కొట్లాడింది ఈ సాంబారుకేనా అని అడిగింది. రామాంజినమ్మ అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

జగదీష్ ఇప్పుడు ధర్మవరంలో పట్టభద్రుల సంఘమని వేరే పెట్టాడు. డిగ్రీ పాసైనవాళ్లకు మాత్రమేనట. అధ్యక్షుడు ఆయనే. ఫోటోలు దిగినవాళ్లలో సగం మంది అందులోనూ చేరారు. రామాంజినమ్మ ఇచ్చిన మాట తప్పలేదు, ఎక్కడా నోరు విప్పలేదు. నేనేమీ మాటివ్వలేదు గనక చెబుతున్నాను. కొత్త సంఘం సంగతి చెబితే ఆమె, వాళ్లకు దండలన్నా దొరుకుతాయిలే అని ఊరుకుంది. కదిరి పక్క ఊళ్లలో మా కాలేజీలో చదివి నడుమ ఆగిపోయినవాళ్లు ఇంకా ఉన్నారని, వాళ్లను పిలిచి రావడానికి మరునాడు బస్సెక్కింది.