బంతిమడి

కార్తీకం వెళ్ళిపోతూ ఉండగా పెరటి మీద మంచు కురవడం మొదలైంది. దాలమ్మ తెల్లవారుతూనే పెరటి తలుపు తీసి, ముందు చిక్కుడు పందిరి కిందికి వెళ్ళి నిలబడేది. ఆ ఏడు పాదు విరగబూసింది. ఊదారంగు పూలగుత్తుల మధ్య గోరంత పిందెలు అప్పుడే కనిపిస్తున్నాయి. పెద్దపండగ నాటికి ఇంటికీ, ఇరుగుపొరుగుకీ, అడిగిన ప్రతివాళ్ళకీ సరిపోయేన్ని కాయలు దిగుతాయి. గోడవార గుమ్మడి పాదు, బావి దగ్గర ముళ్ళవంగ, వాడుక నీళ్ళు పారేచోట అరటి బోదెలు. అన్నిటికీ అవతల, ఈశాన్యం మూలకి, మంచంత జాగాలో బంతిమడి. మిగతా పెరడంతా తినేవే వేసేది గానీ ఆ ఒక్క మడిలో మాత్రం పాతికేళ్ళకి పైగా బంతి తప్ప మరొకటి వెయ్యలేదు. అక్కడి మట్టి పూలకే బాగుంటుంది కాబోలనుకునేవారు చూసినవాళ్ళు.

రాజాం నుంచి తట్టలు మోసుకుంటూ నడిచొస్తే పొద్దెక్కేలోపు చేరే ఊరు వాళ్ళది. పెద్ద కమతం కాదు గానీ తిండికి లోటు లేని కాపు కుటుంబం.

ఆ వేళ దాలమ్మ మిరపమొక్కల మొదళ్ళు గుల్ల చేస్తూ కూర్చుంది. వెనక మాటలు వినిపించి తిరిగి చూసింది. మొగుడు జగన్నాధం, అతని వెంట కూర్మయ్య మేస్త్రీ. మేస్త్రీ చేతిలో మేకులు, పురికొస ఉన్నాయి. చిక్కుడు పందిరి గుంజ పక్కన ఒక మేకు దిగ్గొట్టి, కొసని సాగదీసుకుంటూ బంతిమడి దాటి అవతలికి వెళ్ళి రెండో మేకు కొట్టాడు.

"ఏటి మావా, ఈ తాడేటి?" అంది దాలమ్మ లేచి నిలబడి.

"గది గురించే. మొన్న సెప్పినాను కదే."

"గదని సెప్పినావు. ఈదరుగు పక్కనన్నావు."

"అక్కడ జాగా సాలదంట. మేస్త్రీ సూసి సెప్పినాడు. ఇక్కడయితే గాలీ వెలుతురూ వస్తాది." ఆమె మొహం చూడకుండానే అన్నాడు జగన్నాధం. "సిమెంటు పర్మిట్టు ఇప్పటికి వొచ్చినాది. బస్తాలు ఈ మంచుకి గడ్డకట్టీకుండా పని కానిచ్చీవాల. నెలగంట పట్టీలోపల పునాది పడిపోవాల."

పురికొస బంతిపూల మీదుగా, మోకాలి ఎత్తున, బిగుసుకుని ఉంది.

గది నరసింగరావు కోసం. నరసింగరావు దాలమ్మ కన్నకొడుకు కాడు, ఆమె చెల్లెలు తవిటమ్మ కొడుకు. అయినా చంకన వేసుకుని పెంచినది దాలమ్మే. రాజాంలో సమితి ఆఫీసు గుమాస్తాగా చేరి రెండేళ్ళయింది. శ్రీకాకుళం వాళ్ళ పిల్లని ఖాయం చేశారు. పిల్ల తండ్రి బడిలో రైటరు. ఇల్లు చూడ్డానికి వచ్చి, అంతా బాగుంది గానీ కొత్త దంపతులకి వేరే గది అంటూ లేదేమని నవ్వుతూనే అడిగి వెళ్ళాడు. ఆ మాటకే ఈ గది.

ఆ ఇంట్లో దాలమ్మ అడుగుపెట్టినప్పుడు ఈ పెరడు తుమ్మచెట్లూ రాళ్ళూను. అత్తగారు పొలం పనికి పొమ్మనకుండా ఇంటి దగ్గర ఉంచింది, కడుపుతో ఉందని. తొలికాన్పు ఆడపిల్ల. పుట్టినప్పుడు ఏడవలేదు, తరువాత కూడా ఏడవలేదు. రెండేళ్ళకి మళ్ళీ కాన్పు. ఈసారి మగపిల్లాడు. గట్టిగా ఏడ్చాడు, పాలు తాగాడు, దాలమ్మ చూపుడువేలు గట్టిగా పట్టుకున్నాడు. పురిటి స్నానం కాకముందే ఒళ్ళు నీలంగా మారి చనిపోయాడు. పురిటి బిడ్డల్ని శ్మశానానికి తీసుకెళ్ళే ఆచారం లేదు. ఇద్దరినీ పెరట్లోనే ఒక్కచోటే కప్పెట్టారు. గొయ్యి తవ్వినవాడు జగన్నాధం. గుడ్డలో చుట్టి అందించినది అత్తగారు. దాలమ్మ పురిటిగది గుమ్మంలోంచి చూసింది. లేవడానికి ఒంట్లో శక్తి లేదు.

ఆ తరువాత కడుపు పండలేదు. ఊళ్ళో నలుగురూ అనడం మొదలుపెట్టేలోగానే దాలమ్మ పుట్టింటికి వెళ్ళి, పెళ్ళీడుకొచ్చిన చెల్లెల్ని తన మొగుడికి తనే అడిగింది. బయటినుంచి ఎవత్తో వచ్చేకంటే తోడబుట్టింది నయమనుకుంది. తవిటమ్మకి ముగ్గురు పిల్లలు. అక్కాచెల్లెళ్ళు గొంతెత్తి పోట్లాడుకున్నది ఊరెవరూ వినలేదు. వంటిల్లు మెల్లగా తవిటమ్మ చేతికి పోయింది, తాళాలూ పోయాయి, మొగుడి పక్కా పోయింది. దాలమ్మకి పెరడు మిగిలింది. తుమ్మలు కొట్టించి, రాళ్ళు ఏరి, తట్టలతో చెరువుమన్ను తెచ్చి పోసి, దాన్ని పెరడు చేసింది. పిల్లలున్న జాగాలో ఏం వెయ్యాలో తెలియలేదు. అక్కడ కాసింది ఎవరి నోట్లోకీ పోకూడదని మాత్రం తెలుసు. అందుకని బంతి వేసింది.

ఆ మధ్యాహ్నం భోజనమయ్యాక జగన్నాధం అరుగు మీద నడుం వాల్చాడు. తవిటమ్మ రేవుకి వెళ్ళింది. దాలమ్మ వచ్చి స్తంభం పక్కన కూర్చుంది.

"మావా, ఆ మూల తవ్వొద్దని సెప్పు."

"ఏ మూల?"

"బంతిమడి."

"ఏటే, పూలమొక్కలకోసమేటి? మళ్ళీ ఏసుకోవచ్చు."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఇప్పుడు గుర్తొస్తుంది, ఈ క్షణంలో గుర్తొస్తుంది అనుకుంటూ చూసింది. అతను పొగచుట్ట కొరికి ఉమ్మాడు.

"అక్కడ మన పిల్లలున్నారు మావా."

జగన్నాధం లేచి కూర్చున్నాడు. "అక్కడా? బావికాడ కదే? బావి గట్టు పక్కన కదా కప్పెట్టినాను?" అన్నాడు.

"అప్పటికి బావి తవ్వనేదు మావా."

అతను భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళూ అతను బావిలో నీళ్ళు తోడుకున్నప్పుడల్లా, ఆ గట్టు పక్క నిలబడి పళ్ళు తోముకున్నప్పుడల్లా మనసులో ఏమైనా అనుకునేవాడేమోనని దాలమ్మకి అప్పుడు అనిపించింది. అనుకునే ఉండవచ్చు, తప్పు చోట అనుకున్నాడు. లేక ఏమీ అనుకోనే లేదు. రెండిట్లో ఏది నిజమో అడగాలనిపించలేదు ఆమెకి.

"నాను సెప్తాన్లే. రొండు మూరలు ఇటు జరపమంటాను," అన్నాడు.

మర్నాడు పొద్దున్న చెప్పాడు కూడా. మేస్త్రీ తల గోక్కున్నాడు. సైకిలు మీద ఆఫీసుకి బయల్దేరుతున్న నరసింగరావు ఆగి వెనక్కి వచ్చాడు.

"ఇటు జరిపితే తలుపు బావి మీదకి వస్తాది నాన్నా. ఎందుకు జరపడం?"

జగన్నాధం దాలమ్మ వైపు చూశాడు. దాలమ్మ అరటి బోదె పక్కన నిలబడి ఉంది. అందరూ చూస్తున్నారు. మేస్త్రీ, తవిటమ్మ, మట్టి మొయ్యడానికి వచ్చిన దానమ్మ. ఒక్క మాట చాలు. ఆ మాట అంటే పని ఆగిపోతుంది. దాలమ్మకి అది తెలుసు. ఆ తరువాత ఏమవుతుందో కూడా తెలుసు. పెళ్ళికూతురి గది కింద పురిటి బిడ్డలున్నారన్న మాట దానమ్మ నోట్లోంచి ఆ సాయంత్రానికే వీధి దాటుతుంది, పండగలోపు శ్రీకాకుళం చేరుతుంది. ఆ పిల్లని ఇవ్వరు. ఇచ్చినా, రేపు ఆ పిల్లకి కాన్పులో ఏది జరిగినా ఈ మాటే పైకి వస్తుంది. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డవాడు, జ్వరమొస్తే ఇప్పటికీ తన ఒళ్ళోనే తలపెట్టుకునేవాడు. మట్టిలో ఉన్నవాళ్ళకోసం వీడి మీద మన్ను పొయ్యడం ఎలాగ?

"ఏటి పెద్దమ్మా? నీ మొక్కలకోసమా?" అన్నాడు నరసింగరావు, ప్రేమగానే.

"నేదు బాబూ. నాకేటి. మేస్త్రీ సెప్పినకాడే కట్టండి."

జగన్నాధం తలవంచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆ సంగతి అతను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు.

కూలీలు తొక్కి పాడుచెయ్యడం కంటే తనే తియ్యడం నయమని, ఆ పగలంతా దాలమ్మ పెరడు పీకింది. పందిరి కట్లు కోసి చిక్కుడు తీగని కిందికి లాగింది. పిందెలు పట్టిన తీగ ఒకపట్టాన రాలేదు, కర్రల్ని పెనవేసుకుని ఉంది. తవిటమ్మ బియ్యం చేట పక్కన పడేసి పరుగెత్తుకొచ్చింది.

"ఓలప్పా! ఇదేటి పని? పూతమీదుంది కదే! అటు పక్క తవ్వడం మొదలెట్టమందాం. ఈ పందిరి పండగెల్లినాక తీసుకోవచ్చు."

"అడ్డమేనే. మట్టి ఎటు పోస్తారు? ఒగ్గీ."

"నీకు కోపమొచ్చినాదప్పా. నా కొడుకు గది అని..."

"సత్తెపమానంగా నేదే తవిటీ." దాలమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఆ పిల్లలు పోయినప్పుడు తవిటమ్మ పుట్టింట్లో గవ్వలాడుకునే పిల్ల. అక్కకి బిడ్డలు దక్కలేదని తెలుసుగానీ ఎక్కడున్నారో తెలియదు. "నీ కొడుకు నాకు కొడుకు కాడేటి? ఎల్లు, పొయ్యి మీద ఎసరు పొంగిపోతాది."

పిందెలు ఒలిస్తే దోసెడు కూడా రాలేదు. ముదరని గుమ్మడికాయలు ఆవుకి వేసింది. వంగమొక్కలు అడిగినవాళ్ళు వేళ్ళతో సహా పట్టుకుపోయారు. బంతిమడి జోలికి మాత్రం వెళ్ళలేదు. చేతులు రాలేదు.

దాన్ని మర్నాడు కూలీలే పీకారు. ముగ్గు పోసిన గీత సరిగ్గా మడి మధ్య నుంచి పోయింది. గునపం దిగినప్పుడల్లా దాలమ్మ బావి గట్టు మీద కూర్చుని చూసింది. మధ్యాహ్నానికి పునాది గొయ్యి నడుంలోతు అయింది. జగన్నాధం పొలంలో పనుందని వెళ్ళిపోయాడు, కోతలైపోయిన పొలంలోకి.

ఏదో ఒకటి కనిపిస్తుందనీ, అప్పుడు లేచి వెళ్ళాలనీ, ఎవరు ఏమనుకున్నా కొంగులో పట్టుకోవాలనీ ఆమె అప్పటికి మనసు గట్టి చేసుకుంది. ఏమీ కనిపించలేదు. తట్ట నింపుకుని పైకి వచ్చిన దానమ్మని పిలిచి అడిగింది.

"ఏటైనా తగిలిందా దానమ్మా, ఆ మూల?"

"ఏటి తగులుతాదమ్మా? మెత్తటి మన్ను. ఏర్లే ఏర్లు." దానమ్మ నవ్వింది. "లంకెబిందెలు గానీ పెట్టినావేటి?"

దాలమ్మ లేచి గొయ్యి అంచుకి వెళ్ళింది. గొయ్యి గోడకి నల్లటి మట్టి, దాని కింద ఎర్రమట్టి, తెగిన వేళ్ళు. ఏ మూలని చూసినా అదే మట్టి. ఎముక లేదు, గుడ్డపేలిక లేదు, మిగతాచోటికీ ఈ చోటికీ తేడా చెప్పే గుర్తు ఒక్కటి లేదు. ఇన్నేళ్ళూ తను ఎవరికి నీళ్ళు పోసిందో ఆమెకి అర్థం కాలేదు.

కూలీలు గంజి తాగడానికి వెళ్ళినప్పుడు ఆ మూల నుంచి తీసిన మట్టి రెండు చేతులా ఎత్తి ఒళ్ళో వేసుకుంది. ఎక్కడైనా వేరే చోట పెడదామనుకుంది. వెళ్ళడానికి లేచింది గానీ ఎక్కడికి? పెరట్లో జాగా లేదు. పొలంలో పెడితే నాగలి దున్నుతుంది. ఏట్లో కలిపితే చచ్చినవాళ్ళ అస్థికలు కలిపినట్టు కలపాలి, మరి ఇవి అస్థికలా? ఉత్త మట్టి. చీరకొంగు పట్టుకుని అలా నిలబడి నిలబడి, కూలీల మాటలు దగ్గరవుతుంటే, ఒళ్ళోది మళ్ళీ ఆ కుప్ప మీదే దులిపేసింది. సాయంత్రం దానమ్మ ఆ కుప్పంతా మోసి వీధిలో బళ్ళు దిగబడే గుంటలో పోసింది.

సంక్రాంతి నెలగంట పట్టింది. ఊళ్ళో ముగ్గులు పెద్దవయ్యాయి. గొబ్బెమ్మల్లో పెట్టడానికి పూలకోసం ఆడపిల్లలు అలవాటుగా పెరటి దారిన వచ్చి, ఇటుకలూ సున్నం గచ్చూ చూసి నిలబడిపోయారు. "ఈ ఏడు నేవమ్మా," అని దాలమ్మ గుమ్మంలోంచే చెప్పింది. వాళ్ళు తంగేడు పూలకి ఎటో పరుగెత్తారు.

పండగ వెళ్ళిన తరువాత గది పూర్తయింది. పెళ్ళి ముందు మంచిరోజు చూసి పాలు పొంగించాలన్నారు. ఇంటికి పెద్ద ముత్తైదువ దాలమ్మే ముందు కుడికాలు పెట్టాలని తవిటమ్మ పట్టుబట్టింది. అక్క నుదుటికి తనే బొట్టు పెట్టి, చేతికి పాలగిన్నె ఇచ్చింది. కాదంటే ఎందుకో చెప్పాల్సి వస్తుంది. దాలమ్మ కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళింది. కొత్త గచ్చు అరికాలికి చల్లగా తగిలింది. పొయ్యి సిద్ధంగా ఉంది, బంతిమడి ఉన్న ఈశాన్యం మూలనే. ఆమె అక్కడ గొంతుక్కూర్చుని, పాలు పొంగి పొయ్యిలో పడేదాకా పుల్లలు ఎగదోసింది. గుమ్మం బయట జగన్నాధం నిలబడి ఉన్నాడు. అందరూ లోపలికి వచ్చినా అతను రాలేదు.

"బాగుందా పెద్దమ్మా?" అన్నాడు నరసింగరావు.

"బాగున్నాది బాబూ. నిండుగున్నాది."

మాఘంలో పెళ్ళయింది. కోడలు మంచి పిల్ల, పెద్దత్తా అని నోరారా పిలిచేది. గదికీ బావికీ మధ్య మిగిలిన జాగాకి ఎండ రాకుండా గోడ అడ్డమైంది. మరుసటి ఏడు చిక్కుడు విత్తే రోజుల్లో జగన్నాధం పొలం గట్టు మీద పాదులు పెట్టుకోమని ఒకటి రెండుసార్లు అన్నాడు. మోకాళ్ళు సాగడం లేదంది దాలమ్మ. కార్తీకం వచ్చింది, మంచు కురిసింది. సున్నం పూత పూసిన గది వెనక గోడ మీద ఎండ తగిలే చోటు చూసుకుని తవిటమ్మ పిడకలు కొట్టింది. దాలమ్మ పేడ కలిపి ఇచ్చింది.