నల్లబెల్లం కోసం పెనుమూరు దారిలో

బెల్లం తెల్లబడటానికి కలిపే పొడి గురించి తిరుపతిలో మా వీధివాళ్లకు మూడేళ్ల కిందట పాఠం చెప్పింది నేనే. హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి కదా, నోరు ఊరుకోదు. మందులు కొట్టకుండా పశువుల ఎరువుతో పండించిన చెరుకు, పొడి వేయని బెల్లం. నేలకూ మంచిది, ఒంటికీ మంచిది అన్నాను. పది ఇళ్లవాళ్లు సరేనన్నారు. వాళ్ల తరఫున నేనిచ్చిన మాట మీద పెనుమూరు దగ్గరి రైతు మునిరత్నం అరెకరం అలాగే పండించసాగాడు. మొదటి ఏడు బెల్లం కోసం ఎగబడ్డారు. రెండో ఏడు వానాకాలంలో కారిపోతోందన్నారు. ఈ ఏడు ఆరు ఇళ్లవాళ్లు, రంగు కాస్త పసుపుగా ఉంటేనే తీసుకుంటామన్నారు. ఆ కబురు మోసుకుని ఫిబ్రవరిలో ఒక ఆదివారం బయల్దేరాను.

ఉదయం ఆరింటికి చిత్తూరు బస్సు. టికెట్టు పద్దెనిమిది రూపాయలు. చంద్రగిరి దాటాక చలి తగ్గింది. పక్కన కూర్చున్నాయన చిత్తూరు మండీలో బెల్లం తూకం వేస్తాడట. నా పని విని నవ్వాడు.

"బెల్లం కంటితో సూసి కొంటారు సార్. నాలిక మీద పెట్టుకోని కొన్నోణ్ణి నేనింతవరకు సూళ్లేదు."

ఎనిమిదిన్నరకు చిత్తూరులో దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, తొమ్మిదింటికి పెనుమూరు బస్సెక్కాను. వెళ్లాలనుకునేవారు వేసవి ముదరకముందే వెళ్లాలి. తర్వాత గానుగలు ఆగిపోతాయి. దారిలో దిగి పొగ కనిపించిన వైపు అర కిలోమీటరు నడిచాను.

మునిరత్నం పెద్ద పెనం ముందు నిలబడి ఉన్నాడు. పొయ్యిలో చెరుకు పిప్పి మండుతోంది. నలగ్గొట్టిన బెండ కాడలను నానబెట్టిన జిగురునీళ్లు రసంలో పోసి, పైకి తేలిన మడ్డిని గరిటెతో తీసేస్తున్నాడు. పొడి బదులు అతను వాడేది అదే. అందుకోసమే గట్టు పొడవునా బెండ వేశాడు.

అతని భార్య గోవిందమ్మ బొరుగులు, పప్పులు, ఒక బెల్లం ముక్క పళ్లెంలో తెచ్చి పెట్టింది. ముక్క నిమ్మపండు రంగులో ఉంది.

"ఇది మీరు వండింది కాదే?" అన్నాను.

"అంగట్లో తెప్పించినాం సార్. మేం తినే నల్లది వచ్చినోళ్లకు పెడితే బాగుంటాదా?"

ఆ ముక్క తిన్నాను. ఆమె పెట్టింది మర్యాదతోనే.

మునిరత్నం గరిటె ఆపాడు. "పొద్దున వండిన మొదటి పెనం మీకోసమే అచ్చు పోసినాను సార్. ఇది రెండోది. మీవోళ్లు తీసుకుంటారా? లేదంటే మండీకే. మండీకైతే పొడి ఇప్పుడే పడాల, పాకం ముదిరినాంక లాభం లేదు."

రసం కుతకుత ఉడుకుతోంది. "ఈ ఏడు నాలుగు ఇళ్లే," అన్నాను.

అతను గూట్లోని పొట్లం తీసి పెనంలో గుమ్మరించాడు. నురగ లేచింది. చూస్తుండగానే ముదురు రసం లేత పసుపుకు తిరిగింది. సిగ్గుతోనే చెబుతున్నాను, నా కంటికి అది అందంగానే కనిపించింది.

"వచ్చే ఏడు?" అన్నాను.

"మీరే చెప్పాల సార్. మీ మాట మీదనే గదా మూడేండ్లు ఈ సేద్యం సేసినాను. మీరు ముందే ఒక కార్డు రాసింటే ఈ బెండ నాటకుండా ఉందును."

రెండు నెలల ముందే నాకు తెలుసు. ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనని ఊరుకున్నాను.

సాయంత్రం నాలుగున్నరకు నాలుగు ఇళ్లకు సరిపడే బెల్లం రెండు సంచుల్లో వేసుకుని చిత్తూరు బస్సెక్కాను. కండక్టరు సంచిలోకి తొంగి చూసి గట్టిగా అడిగాడు, "ఏం సార్, సారాయి కాసేకా?" సారా కాసేవాళ్లే నల్లబెల్లం కొంటారని ఇక్కడ అందరికీ తెలుసు. బస్సులో వాళ్లంతా తలలు తిప్పారు. తినడానికేనని గొణిగాను. ఎవరూ నమ్మినట్టు లేదు. భుజం మీది తువ్వాలు తీసి సంచుల మీద కప్పాను.

మా వీధివాళ్లలో ఏ ఒక్కరూ నా పాఠం తప్పనలేదు. ఇప్పటికీ పొడి చెడ్డదనే అంటారు. ఇలాంటి సరుకు మీద జనానికి పుట్టిన ఇష్టం ఎన్నాళ్లుంటుందని ఎవరైనా అడిగితే వాళ్ల సంగతి నేను చెప్పలేను. పాఠం చెప్పిన నాకే ఆ ఇష్టం ఆ సాయంత్రం చిత్తూరు చేరేదాకా నిలవలేదు.